ముప్పై ఎనిమిది ముఖాల పోస్టర్

నరసరావుపేటలోని ఆ డిగ్రీ కళాశాలలో విద్యార్థి సంఘం ఎన్నికలు జరుగుతాయని ప్రిన్సిపాల్ హైమావతి గారు ప్రకటించిన రోజున నోటీసు బోర్డు దగ్గర పెద్ద తొక్కిసలాట జరిగింది. దానికి కారణం ప్రజాస్వామ్యం మీద ప్రేమ అనుకుంటే పొరపాటు. అదే బోర్డు మీద స్కాలర్‌షిప్పుల జాబితా కూడా అతికించారు. జాబితా కోసం వచ్చినవాళ్ళు పనిలో పనిగా ఎన్నికల ఉత్తర్వు కూడా చదువుకుని వెళ్ళారు.

ఉత్తర్వులో మూడు అంశాలున్నాయి. ఒకటి, తనిఖీ బృందం రాక సందర్భంగా గోడలకు కొత్తగా లేత గులాబీ రంగు వేయించినందున గోడలపై రాతలు, అతికింపులు నిషిద్ధం. ప్రచారం యావత్తూ ఆన్‌లైన్‌లోనే జరగవలెను. రెండు, కళాశాల ఆవరణలో విద్యార్థులు సెల్‌ఫోను వాడుట ఎప్పటివలెనే నిషిద్ధం. మూడు, పై రెండింటినీ తూచా తప్పక పాటించవలెను. ఈ రెండూ ఒకేసారి పాటించడం ఎలాగని ఒక్కరూ అడగలేదు. మన కళాశాలల్లో క్రమశిక్షణ అంత బాగా నేర్పుతారు.

మరునాటి నుంచి విద్యార్థులు విరామం గంట కొట్టగానే గేటు బయటికి వచ్చి, మురుగు కాలువ పక్కన వరసగా నిలబడి, ఫోన్లు తెరిచి ప్రచారం చూసేవారు. మళ్ళీ గంట కొట్టగానే ఫోన్లు ఆపి లోపలికి వెళ్ళేవారు. దోమలు కుట్టినా ఎవరూ కదిలేవారు కాదు. ఇంత నిష్ఠగా ప్రచారం చూసిన ఓటర్లు మన దేశంలో ఇంకెక్కడా ఉండరని నా నమ్మకం.

అధ్యక్ష పదవికి ఇద్దరు నిలబడ్డారు. అందులో ఒకరు మానస, బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. శావల్యాపురం అవతల చిన్న ఊరు. తండ్రి జ్ఞానయ్య కౌలుకు మిరప వేస్తాడు. మానసకు రాజకీయాల మీద ఆసక్తి లేదు, అధ్యక్షురాలి కుర్చీ ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఆమె నిలబడింది మూడు మాటల కోసం. ల్యాబ్ పొద్దున పెట్టండి. అంతే.

ఆ మూడు మాటల వెనక ఒక బస్సు ఉంది. వినుకొండ వెళ్ళే పల్లెవెలుగు కళాశాల ముందు నాలుగూ పదికి ఆగుతుంది. ల్యాబ్ మూడింటికి మొదలై నాలుగున్నరకు అయిపోతుంది. తర్వాతి బస్సు ఆరున్నరకు. అది దిగి చేల మధ్య నడిచి ఇల్లు చేరేసరికి బాగా చీకటి పడుతుంది. అలా ఒక్కసారి చీకటి పడ్డాక వస్తే చదివింది చాల్లే అని కూర్చోబెట్టే తండ్రులు ఆ దారి పొడవునా ఉన్నారు. జ్ఞానయ్య మంచివాడే, కూతురి చదువంటే ఇష్టమున్నవాడే. అయినా మొదటి సంవత్సరం ఫీజు కట్టిన రోజునే చెప్పేశాడు.

"ఇదిగో మానసా, నాలుగు బస్సు తప్పిందంటే చదువు తప్పినట్టే. తర్వాత ఏడిస్తే నాకు తెలవదు. ముందే చెప్తన్నా."

అందుచేత ఆ రూటు అమ్మాయిలు నలభై ముగ్గురు నాలుగు కాగానే పరీక్షనాళికలు కింద పెట్టి పరిగెడతారు. ఇచ్చిన ఉప్పులో ఏమేమి ఉన్నాయో కనుక్కోవడం వాళ్ళ పని. మొదటి సగం కనుక్కునేసరికి బస్సు హారన్ వినిపిస్తుంది. మూడేళ్ళుగా వాళ్ళకు ప్రపంచంలోని ఉప్పులన్నీ సగమే తెలుసు. మధ్యలో వెళ్ళినవాళ్ళకు ల్యాబ్ ఇన్‌చార్జి దేవదాసు మాస్టారు గైర్హాజరు వేస్తారు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. మానస హాజరు ఇప్పటికే అంచు మీద ఉంది. పొద్దుటిపూట ల్యాబ్ ఖాళీగానే ఉంటుంది కానీ, దేవదాసు మాస్టారు ఖాళీగా ఉండరు. పొద్దుటిపూట ఆయన ఊళ్ళో ఒక ప్రైవేటు కోచింగ్ సెంటర్లో పాఠం చెబుతారు. ఇది కళాశాలలో అందరికీ తెలిసిన రహస్యం.

రెండో అభ్యర్థి బెంజిమిన్. రెంటచింతల కుర్రాడు, హాస్టల్లో ఉంటాడు. అతనికి కోరికలేవీ లేవు కాబట్టి ప్రచారం సాఫీగా సాగింది. సొంత ఊరికి వెళ్ళి, నడి ఎండలో, లెదర్ జాకెట్ వేసుకుని, వెనక పదకొండు బైకులు నెమ్మదిగా వస్తుండగా తాను ఇంకా నెమ్మదిగా నడిచి వచ్చే రీల్ ఒకటి వదిలాడు. ఎందుకు నడుస్తున్నాడో, ఎక్కడికి నడుస్తున్నాడో అందులో చెప్పలేదు, అభిమానులూ అడగలేదు. రెంటచింతల ఎండలో లెదర్ జాకెట్ వేసుకున్నవాడు ఏదైనా చేయగలడని అందరూ ఒప్పుకున్నారు. నడక పూర్తయ్యాక అతనికి సెలైన్ ఎక్కించారు. సెలైన్ ఎక్కుతుండగా తీసిన రెండో రీల్ మొదటిదానికన్నా బాగా ఆడింది.

మానసకు రీల్ తీసేవాళ్ళు లేరు. సొంత ఫోను కూడా లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను జ్ఞానయ్య జేబులో ఉంటుంది. ఆమె తరఫు ప్రచారాన్ని తౌఫీక్ తలకెత్తుకున్నాడు. బీసీఏ రెండో సంవత్సరం, స్టేషన్ రోడ్డులో ఫ్లెక్సీల షాపు నడిపే నూర్ మొహమ్మద్ గారి అబ్బాయి. ఫోనులోనే చకచకా పోస్టర్లు చేయగలడు. "నువ్వు నిశ్చింతగా ఉండక్కా, జిల్లా మొత్తం నీ ముఖం చూడాల," అన్నాడు. చూసింది కూడా.

మొదటి పోస్టర్ ఎంతో శుభ్రంగా వచ్చింది. తెల్లటి నేపథ్యం, నాలుగు అంచులా మల్లెల తీగ, మధ్యలో చిరునవ్వుతో మానస పాస్‌పోర్టు ఫొటో, దాని కింద పెద్ద అక్షరాలతో ఆ మూడు మాటలు, ఇంకా కింద పోలింగు వివరం: ఈ నెల పంతొమ్మిదవ తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు, కళాశాల ఆవరణలో, అందరూ తప్పక రావలెను. పొద్దున్నే గ్రూపుల్లో పెట్టాడు. మధ్యాహ్నానికి నూట పద్నాలుగు మంది దండాలు పెట్టారు. ఇంత మర్యాద ఉన్న ఓటర్లా అని తౌఫీక్ మురిసిపోయాడు. సాయంత్రానికి వ్యాఖ్యలు రావడం మొదలైంది. "చానా మంచి పిల్ల." "నిన్న గాక మొన్న బస్సులో కనపడింది." "ప్రభువు ఆ కుటుంబాన్ని ఆదరించు గాక." పొద్దున పెట్టవలసింది ల్యాబ్ అని కింద రాసే ఉంది. కానీ కన్నీళ్ళతో చదివేటప్పుడు అన్ని అక్షరాలూ కనబడవు.

మరునాడు ఆదివారం. రెంటచింతల నుంచి మానస మేనత్త రాజమ్మ రెండు బస్సులు మారి, దారి పొడవునా ఏడుస్తూ, చేతిలో పూలదండతో దిగింది. అప్పటికి మానస వాకిట్లో గిన్నెలు తోముతోంది. రాజమ్మ ఏడుపు ఆపి, కాసేపు గిన్నెల వంక, కాసేపు మేనకోడలి వంక చూసింది.

"ఏమే, బతికే ఉన్నావటే?"

"ఉన్నానత్తా. ఏందత్తా అట్టా అడుగుతావు?"

"మరి ఆ ఫొటో ఏందే?"

"ఓటెయ్యమని అత్తా."

"ఓటుకి ఒక్క ఫొటో ఏస్తారటే ఎవరన్నా? పక్కన నలుగురన్నా లేకపోతే జనం ఏమనుకుంటారు?" అని గట్టిగా కసిరి, ఆ వెంటనే మేనకోడలిని కావలించుకుని, అసలు చావు వార్త విన్నప్పటికన్నా ఎక్కువగా ఏడ్చింది. తెచ్చిన దండను వెనక్కి తీసుకెళ్ళడం మంచిది కాదని గోడ మీది తాతగారి ఫొటోకు వేసి, భోజనం చేసి వెళ్ళింది. జ్ఞానయ్య ఆ పూట కూతురి కంచంలో రెండుసార్లు కూర వేశాడు.

తప్పు ఎక్కడ జరిగిందో నూర్ మొహమ్మద్ గారు షాపులో కూర్చుని ఒక్క చూపుతో తేల్చేశారు. "ఇరవై రెండేళ్ళ నుంచి ఫ్లెక్సీలు ఏస్తన్నా బేటీ. ఒక్క ముఖం ఉండేది ఒక్క శ్రద్ధాంజలికే. బతికున్నోళ్ళ ఫ్లెక్సీ మీద తక్కువలో తక్కువ తొమ్మిది ఉండాల. అదీ ఎందుకనుకున్నావు? ముఖం ఉన్నోడే పదిమందికి చూపిస్తాడు. ముఖం లేనోడు చూసి గూడా చూడనట్టు పోతాడు." ఈ శాస్త్రం ఏ కళాశాలలోనూ చెప్పరు గాని, మన ఊళ్ళలో ఏ కూడలిలో నిలబడి తలెత్తినా అర్థమవుతుంది. పుట్టినరోజు ఒకరిది, పళ్ళు కనబడేలా నవ్వేది ముప్పైమంది.

రెండో పోస్టర్ తొమ్మిది ముఖాలతో వచ్చింది. పైన దీవించే పెద్దలు ముగ్గురు, పక్కల మద్దతుదారులు అయిదుగురు, మధ్యలో మానస. ఫలితం వెంటనే కనిపించింది. తొమ్మిది ఇళ్ళ చుట్టాలూ స్నేహితులూ లైకులు కొట్టారు, షేర్ చేశారు. ఎవరూ సంతాపం తెలపలేదు. కానీ తొమ్మిదిమందిని వేసినందుకు వేయని వాళ్ళంతా నొచ్చుకున్నారు. గేటు ముందు టీ కొట్టు యజమాని, మూడేళ్ళుగా ఈ పిల్లలకు అరువు పెట్టిన నా ముఖం పనికిరాదా అన్నాడు. సెలూన్ యజమాని, ఆ తొమ్మిది ముఖాల్లో నాలుగు తన చేతి మీదే నున్నబడ్డాయని గుర్తుచేశాడు. వాళ్ళనూ, అలాగే నొచ్చుకున్న మిగతావాళ్ళనూ కలుపుకుంటే మూడో పోస్టర్ పదిహేడు ముఖాలైంది. అప్పుడు వార్డు నాయకుడొకాయన ఫోను మీద స్కేలు పెట్టి కొలిచి, తన ముఖం టీ కొట్టు ముఖం కన్నా రెండు మిల్లీమీటర్లు తక్కువ వచ్చిందని, ఇది ప్రజాస్వామ్యానికి మంచిది కాదని కబురు పంపాడు. నాలుగో పోస్టర్‌లో ఆయనను పెంచారు. ఆయనను పెంచినందుకు ఇంకొకరిని పెంచారు.

ముఖాలు పెరిగేకొద్దీ చోటు కావాలి. ఆ చోటు ఎక్కడి నుంచి వస్తుంది? మనుషులను తగ్గిస్తే ఊరుకోరు. మాటలను తగ్గిస్తే మాటలు ఏమీ అనవు. ముందు సగం పోస్టర్ ఉన్న మూడు మాటలు తర్వాత ఒక వరసకు వచ్చాయి, ఆ తర్వాత అంచున సన్నని గీతలా మిగిలాయి.

"ఒరేయ్ తౌఫీక్, నేను చెప్పాల్సిన మాట యాడుందిరా?" అని మానస అడిగింది.

"ఉందక్కా. జూమ్ చేస్తే కనపడుద్ది."

ఈలోగా మానస తనకు తెలిసిన ప్రచారం కూడా చేసింది. బస్సులో పక్క సీటు అమ్మాయిలతో, ల్యాబ్ పొద్దుటికి మారితే మనం పూర్తి ఉప్పు చూడొచ్చు అని చెప్పింది. ఆ నలభై ముగ్గురిలో సొంత ఫోను ఉన్నవాళ్ళు ఆరుగురే కాబట్టి చెప్పడం తప్ప దారి లేదు. బెంజిమిన్ వర్గం దీని మీద ఫిర్యాదు చేసింది. ప్రిన్సిపాల్ గారి నుంచి తాఖీదు వచ్చింది: అభ్యర్థిని బస్సునందు నోటితో ప్రచారం చేసినట్లు తెలియవచ్చినది, ఆన్‌లైన్‌లో కాక మనిషికి ఎదురుగా కూర్చుని మాట్లాడుట నియమావళికి విరుద్ధము, సంజాయిషీ ఇవ్వవలెను. తాను బస్సులో మాట్లాడింది టమాటాల ధర గురించి అని మానస రాసిచ్చింది. అబద్ధం రాయడం ఆమెకు అదే మొదలు. రాజకీయాల్లో ఆమెకు కలిగిన ఏకైక అభివృద్ధి కూడా అదే. ఆ తర్వాత ఆమె బస్సులో నోరు తెరవలేదు.

పోలింగుకు మూడు రోజుల ముందు దేవదాసు మాస్టారు తౌఫీక్‌ను పిలిపించారు. అందరి ముఖాలూ వేశారు, గురువు ముఖం వేయలేదు, ఇదేనా ఈ తరం సంస్కారం అని బాధపడ్డారు. ఆ మాటలో న్యాయం ఉంది. పోస్టర్ మీద మాత్రం చోటు లేదు. ఉన్నది అంచున ఒక్క గీతే. తౌఫీక్ చాలాసేపు ఆలోచించి, మాస్టారి ముఖాన్ని సరిగ్గా ఆ గీత మీద అతికించాడు. ముప్పై ఎనిమిది ముఖాలతో అయిదో పోస్టర్ సిద్ధమైంది.

"ఆయన ముఖం కింద ఏముండాలో తెలుసా నీకు?" అంది మానస.

"తెలుసక్కా. ఇప్పుడా మాట ఆయన గుండెకాయ దగ్గరే ఉంది గదా," అన్నాడు తౌఫీక్. అతని దోషమేమీ లేదు, నిజంగానే అలా అనుకున్నాడు.

ఆ పోస్టర్ అందుకున్న ఆదరణ గురించి ఎంత చెప్పినా తక్కువే. నాలుగువేల ఎనిమిది వందల పన్నెండు మంది లైక్ కొట్టారు. కళాశాలలో ఓట్లు ఆరు వందల పన్నెండు. మాచర్ల నుంచి, గురజాల నుంచి, ఎవరి బావమరిదో ఉంటున్న కువైట్ నుంచి కూడా అక్కకు తిరుగులేదు అని రాశారు. ఏ అక్క అన్నది వాళ్ళకు అనవసరం. ఇంటి పక్కవాళ్ళు పోస్టర్ చూపించి మెచ్చుకుంటుంటే జ్ఞానయ్య తలపాగా సవరించుకున్నాడు. అది చూసి మానస కూడా సంతోషించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఆ రాత్రి ఆమె తండ్రి ఫోను అడిగి తీసుకుని ఆ అంకెను పదిసార్లు చూసుకుంది. మూడు మాటలు లేవన్న దిగులు ఆ అంకె ముందు కాసేపు చిన్నబోయింది.

పంతొమ్మిదో తేదీ వచ్చింది. ప్రచారం ఆన్‌లైన్ అయినా పోలింగు కాగితం మీదనే. తరగతులకు భంగం కలగకూడదని పోలింగు వేళను మూడు నుంచి నాలుగున్నర వరకు, అంటే ల్యాబ్ వేళలో పెట్టారు. ల్యాబ్‌ను తరగతి కింద ఎవరూ లెక్కవేయలేదు. ఓటరు తన ఫోనును వాచ్‌మన్‌కు అప్పగించి చీటీ తీసుకుని, చీటీ చూపించి లోపలికి వెళ్ళాలి. ఫోను లేనివాళ్ళ సంగతేమిటన్న ప్రశ్నకు కూడా అధికారులు ముందుచూపుతో జవాబు సిద్ధం చేశారు. అట్టివారు తమ వద్ద ఫోను లేదని తెల్లకాగితంపై రాసి, సంతకం చేసి, ఆ సంతకం తమదేనని తమ క్లాసు టీచరు చేత ధ్రువీకరణ తెచ్చుకోవలెను. ఫోను ఉన్నవాడు అరనిమిషంలో లోపలికి పోయాడు. ఫోను లేని అమ్మాయిలు కాగితం కోసం, పెన్ను కోసం, టీచరు కోసం తిరిగారు. ఆరుగురికి ఫోన్లున్నా, కలిసి వచ్చినవాళ్ళం కలిసే వేద్దామని వాళ్ళ వెంటే నిలబడ్డారు.

నాలుగు గంటలయ్యేసరికి వరసలో వాళ్ళ ముందు ఇంకా యాభైమంది ఉన్నారు. నాలుగూ అయిదుకు మలుపు దగ్గర హారన్ వినిపించింది. నలభై రెండు ముఖాలు మానస వైపు తిరిగాయి.

"ఏం చేద్దాం మానసా?" అంది వాళ్ళలో నజీమా అనే అమ్మాయి. "నువ్వు ఉండమంటే ఉంటాం. మా నాన్న ఏమన్నా అననీ."

తౌఫీక్ పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, ఈ నలభై ఓట్లు పడితే మనదే. ఒక్క అరగంట. ఒక్కటంటే ఒక్క అరగంట ఆపు వీళ్ళని."

అరగంట. ఆ అరగంట కోసమే కదా ఈ గొడవంతా. మానసకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఉండమంటే వీళ్ళు ఉంటారని ఆమెకు తెలుసు. తాను గెలుస్తుందని తెలుసు. ఆరున్నర బస్సు దిగిన తర్వాత వీళ్ళలో ఎంతమంది రేపు మళ్ళీ ఎక్కుతారో అదీ తెలుసు. నజీమా తండ్రి ఏమంటాడో ఆ రూటులో అందరికీ తెలుసు.

"పదండే," అంది. "బస్సు పోతంది."

ధ్రువీకరించిన కాగితాలు చేతుల్లో ఉండగానే వరస వదిలి నలభై ముగ్గురూ పరిగెత్తారు. అభ్యర్థిని కూడా తన ఓటు తనకు వేసుకోకుండానే ఫుట్‌బోర్డు అందుకుంది.

ఫలితం మరునాడు అధికారికంగా వెలువడింది. బెంజిమిన్‌కు రెండు వందల డెబ్బై ఒకటి, మానసకు రెండు వందల నలభై మూడు. తేడా ఇరవై ఎనిమిది. విజేత లెదర్ జాకెట్‌తో నెమ్మదిగా నడిచి వచ్చి ప్రమాణం చేశాడు. ప్రిన్సిపాల్ గారు ప్రసంగిస్తూ, "ఈ ఎన్నికలు మన డిజిటల్ ప్రస్థానంలో ఒక మైలురాయి. గోడలపై ఒక్క మరక పడలేదు. అయితే గ్రామీణ విద్యార్థినుల్లో ఓటు పట్ల ఆసక్తి కొరవడడం మనల్ని ఆలోచింపజేస్తోంది. వారిని చైతన్యవంతులను చేసేందుకు ప్రతి గురువారం సాయంత్రం నాలుగు గంటలకు అవగాహన సదస్సు నిర్వహిస్తున్నాము," అన్నారు. చప్పట్లు మారుమోగాయి. విజేతకు అభినందనల పోస్టర్ కూడా తౌఫీక్ చేతే చేయించారు. అందులో యాభై రెండు ముఖాలు. ఓడినవారిని గౌరవించడం మన సంప్రదాయం కాబట్టి కింది వరసలో మానసను కూడా వేశారు.

సోమవారం మూడింటికి ల్యాబ్ మొదలైంది. నాలుగింటికి మానస సగం ఉప్పును అలాగే వదిలి, సంచి భుజానికి తగిలించుకుంది. దేవదాసు మాస్టారు హాజరు పుస్తకం ముందు కూర్చుని, ఫోను చూసుకుంటూ ఆమెను ఆప్యాయంగా పిలిచారు. నిషేధం విద్యార్థులకే కదా.

"పోస్టర్ చానా బాగొచ్చిందమ్మా. నా ఫొటో అయితే మరీను. మా తోడల్లుడు గూడా లైక్ కొట్టాడు. నిజంగా నువ్వే గెలవాల్సింది. ఇంతకీ దేనికి నిలబడ్డావమ్మా?"

"ల్యాబ్ పొద్దున పెట్టమని సార్."

ఆయన ముఖంలో నిజమైన జాలి కనబడింది.

"అయ్యో పిచ్చిదానా, ఆ మాట పోస్టర్ మీద ఎయ్యాల్సింది గదమ్మా. నలుగురికీ తెలిసేది," అన్నారు. బయట హారన్ మోగింది. ఆయన ఎర్ర పెన్ను తీసి, ఆమె పేరు ఎదుట గైర్హాజరు వేశారు.

ఆ పోస్టర్ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఈ ప్రాంతంలో ఫోను ఉన్నవాళ్ళందరి దాకా వచ్చింది కనుక మీ దాకా కూడా వచ్చే ఉంటుంది. మీరు దాన్ని జూమ్ చేసి, వరస వరసా వెతికి కూడా ఉంటారు. ఏం వెతికారో నేను అడగను. దొరికిందా లేదా, మీ ముఖం?